జాజ్ అభిమానుల మధ్య కావలి కుర్రాడు

ప్రశ్న: అన్నా, మాది కావలి. అమెరికాలో న్యూజెర్సీ ఎడిసన్‌కి వచ్చి కొద్ది నెలలైంది. మా టీమ్‌లో కొందరు జాజ్ సంగీతం పిచ్చోళ్లు. నెలకోసారి ఒకరింట్లో చేరి, తలా ఒక రికార్డు తెచ్చి వినిపించుకుంటారంట. నన్నూ రమ్మన్నారు. నాకు మన బాలు పాటలు తప్ప ఏమీ తెలియదు. ఏం తీసుకెళ్లాలి, ఏం మాట్లాడాలి?

జవాబు: అబ్బయ్యా, ముందు చెప్పేది ఒకటే. నెట్‌లో జాబితాలు వెతికి పేర్లు బట్టీ పట్టి పోవద్దు. ఏళ్ల తరబడి వింటున్నోళ్లు రెండు నిమిషాల్లో పట్టేస్తారు. పట్టేసినా మొహం మీద అనరు, మళ్లీ పిలవరు, అంతే. ఒక్క రికార్డు తీసుకుని వారమంతా విను. అందులో నీకు ఏ చోటు నచ్చిందో చెప్పగలిగితే చాలు.

ఆ ఒక్కటి ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ రికార్డు 'కైండ్ ఆఫ్ బ్లూ' కావొచ్చు. 1959లో న్యూయార్క్‌లో రికార్డయింది. అందరికీ తెలిసిందే కదా అని మొహమాటపడకు. దాన్ని కొత్తగా వినేవాడు ఏమంటాడో వినడానికి పాతవాళ్లకు భలే సరదా. మొదటిది 'సో వాట్'. అందులో వాడిన స్వరాలు మన ఖరహరప్రియ రాగానివే. పదహారు బార్లు, అంటే నాలుగేసి దెబ్బల ఆవర్తాలు, ఒక శ్రుతిలో, తర్వాత ఎనిమిది బార్లు అర మెట్టు పైన, మళ్లీ ఎనిమిది మొదటి చోట. ఈ ముప్పై రెండూ ఆఖరు దాకా తిరుగుతూనే ఉంటాయి. దాని మీద ముందు మైల్స్ ట్రంపెట్, తర్వాత జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ సాక్సఫోన్లు, చివర్న బిల్ ఎవాన్స్ పియానో. మైల్స్ ఎక్కడెక్కడ ఆగి ఊరుకుంటాడో చూడు. కోల్ట్రేన్ అసలు ఊరుకోడు. ఈ తేడా పట్టుకుంటే గంటసేపు మాట్లాడొచ్చు. అయితే స్వరాన్ని ఊపే గమకం లేకుండా రాగం కాదు గనక, ఇది మన ఖరహరప్రియే అని మాత్రం వాదానికి దిగకు. మనవాళ్లకు ఆ జబ్బు ఒకటుంది. అన్నట్టు బిల్ ఎవాన్స్ పుట్టింది మీ ఎడిసన్‌కి దగ్గర్లోని ప్లెయిన్‌ఫీల్డ్‌లోనే.

డేవ్ బ్రూబెక్ బృందం 'టేక్ ఫైవ్' కూడా విను. అయిదు దెబ్బల నడక. మన ఖండచాపు తాళం రెండూ మూడుగా పోతే, ఇది మూడూ రెండుగా పోతుంది. చేత్తో వేసి చూపించు, మిగతాది వాళ్లే అడుగుతారు.

ఇక నీ వంతు. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం తీసుకెళ్లు. శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్న మనిషి. మన జిల్లాల్లో చాలామందికి ఆ పేరే తెలియదు. సన్నాయి అంటే తాళి కట్టేటప్పుడు గట్టిమేళం తప్ప చెవిన పెట్టినోళ్లం కాదు కదా! కీర్తన పెట్టకు, రాగాలాపన పెట్టు. రాసిపెట్టుకున్నది కాదు, అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతున్నాడని ఒక్క మాట చెప్పు. జాజ్ అభిమానికి అంతకన్నా వివరణ అక్కర్లేదు.

దానికి ముందు కోల్ట్రేన్ 'ఇండియా' వినిపించమని అడుగు. 1961లో న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో, జనం ముందు రికార్డు చేసింది. అందులో హెచ్చు స్థాయిలో పలికే సొప్రానో సాక్సఫోన్ వాయిస్తాడు. సితార్ రవిశంకర్ మీద అభిమానంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్న మనిషి ఆయన. ఆ సాక్సఫోన్ గొంతు చెవిలో ఉండగానే కరవది నాదస్వరం మొదలైతే ఎట్లా ఉంటుందో నువ్వే చూస్తావు.

ఆ వాన్‌గార్డ్ 1935 నుంచీ ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. న్యూయార్క్ పోయినప్పుడు ముందే టికెట్ తీసుకో. ఇట్లాంటి చోట్ల టికెట్ కాక ఏదో ఒక డ్రింక్ కొనాలంటారు, సోడా అయినా సరే. ఒక్కొక్కరి సోలో, అంటే విడిగా వాయించే వంతు, అవగానే చప్పట్లు కొడతారు, పాట అయ్యేదాకా ఆగరు. వాయిస్తుండగా మాట్లాడితే చుట్టూ తలలు తిరుగుతాయి. ఫోన్ జేబులోనే ఉంచు.

ఖర్చు లేకుండా వినాలంటే కారులో 88.3 పెట్టు. న్యూజెర్సీ నెవార్క్ నుంచి వచ్చే జాజ్ రేడియో, డబ్ల్యూబీజీవో. లైబ్రరీ కార్డు తీసుకుంటే సీడీలు ఊరికే అరువిస్తారు.

మీటింగుకి ఖాళీ చేతుల్తో పోవద్దు. నెల్లూరు మలైకాజా దొరికితే పట్టుకెళ్లు, మెత్తగా ఉంటుంది. మురుకులు మాత్రం వద్దు, బాస్ వాయిద్యం సోలో వినపడదు.