అద్దం ముందు నిలబడితే తూలడం తగ్గుతుందా?

ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే మీ నాన్నగారు తూలుతున్నారని, ఫిజియోథెరపిస్ట్ రోజూ అద్దం ముందు నిలబడమన్నారని, దానివల్ల లాభముందా అని అడిగారు. మా అమ్మది అచ్చం ఇదే కథ. 71 ఏళ్లు, షుగర్ వచ్చి 20 ఏళ్లు. ఓసారి వాష్‌బేసిన్ దగ్గర ముందుకు తూలి కుళాయికి నుదురు కొట్టుకుంది. బీపీ అనుకుని నెల రోజులు ఆ మాత్రల చుట్టూనే తిరిగాం.

తర్వాత చూపించిన డాక్టర్ పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమన్నారు. నిలబడింది. కళ్లు మూసుకోమన్నారు. పది సెకన్లు కాకుండానే పక్కకి ఒరిగింది. దీన్ని రాంబర్గ్ టెస్ట్ అంటారు. మనం తూలకుండా నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, అరికాళ్ల స్పర్శ మూడూ కబురు అందించాలి. అమ్మకి షుగర్ వల్ల అరికాళ్లు మొద్దుబారాయి. భారమంతా కళ్లమీదే పడింది.

మేమూ బీరువా అద్దం ముందు నిలబెట్టాం. మొదటి వారం "ఎంత చిక్కిపోయానే!" అని ముఖం చూసుకోవడమే సరిపోయింది. అద్దం మూలన తను అంటించిన పాత బొట్టుబిళ్లలు డజను దాకా ఉంటే, వాటినే తీసి పైనుంచి కిందకి నిలువుగా వరసగా అంటించాను. ముక్కు ఆ వరస మీదే ఉండాలన్నాను. అంతే, ఎటు ఒరుగుతోందో తనకే కనిపించి సర్దుకోవడం మొదలుపెట్టింది. అయితే ముందుకీ వెనక్కీ ఊగడం అద్దంలో అంతగా తెలియదు. దానికి క్లినిక్‌లో ఒక పలక ఉంది. దానిమీద నిలబడితే బరువు ఎటు పడుతోందో తెరమీద చుక్క కదిలి చూపిస్తుంది.

ఒక్క మెలిక. అద్దం ముందు స్తంభంలా నిలబడే అమ్మ వంటింట్లో మళ్లీ తూలేది. ఎందుకంటే ఈ సాధన కూడా కళ్లతోనే కదా! అందుకే ఫిజియో మెల్లగా అద్దం మాన్పించారు: ఒకసారి చూసి తల తిప్పుకోవడం, తర్వాత గోడకి ఒక్క వేలు ఆనించి నిలబడటం, చివరికి గది మూలలో, ముందు కుర్చీ పెట్టుకుని కొన్ని సెకన్లు కళ్లు మూసుకోవడం. పక్కన మనిషి లేకుండా ఇది చేయించకండి. మీ ఫిజియోథెరపిస్ట్‌ని అద్దం మాన్పించే ఈ రెండో దశ గురించి తప్పకుండా అడగండి.

నాన్నగారు షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే రక్తపరీక్షలో విటమిన్ బి12 చూపించండి, ఆ మాత్ర వల్ల అది తగ్గొచ్చు, తగ్గితే కూడా కాళ్లు మొద్దుబారతాయి. రాత్రి బాత్రూమ్ దారిలో లైటు ఉంచండి. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలుంటే (పైభాగం దూరానికి, కింది భాగం దగ్గరికి) మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త, కింది భాగంలోంచి మెట్టు మసగ్గా కనిపిస్తుంది.

అమ్మ ఇప్పటికీ ఎడమచేత్తో బేసిన్ అంచు పట్టుకునే ముఖం కడుక్కుంటుంది. బొట్టుబిళ్లల వరస మాత్రం తీయనివ్వట్లేదు.