తిరుపతిలో ఖాళీ అవుతున్న మాల్‌లో షాపు: కొత్తది కడతారని ఆగాలా, అమ్మేయాలా?

మీరు అడిగింది ఇదీ: ఊరి మధ్యలో పాత మాల్, రెండో ఫ్లోర్‌లో మామగారి పేరు మీద 120 చదరపు అడుగుల షాపు, చుట్టూ సగానికి పైగా షట్టర్లు దించేశారు, ఎవరో బిల్డర్ మొత్తం పడగొట్టి కొత్తది కడతాడట, అమ్మాలా ఆగాలా. నా అభిప్రాయం, ఆ "కడతాడట" నమ్ముకుని మాత్రం ఆగొద్దు. అలాగని వచ్చిన రేటుకి ఈరోజే తోసేయమనీ అనను. ముందు దస్తావేజు తీసి చూడండి.

నేను ఇలాంటి కాంప్లెక్స్‌లోనే చాలా ఏళ్లు రెడీమేడ్ బట్టల షాపు నడిపాను, అద్దెకి. పేరు వద్దులెండి, ఊళ్లో వాళ్లకి ఎలాగూ అర్థమవుతుంది. అందరూ ఆన్‌లైన్ వచ్చి చంపేసిందంటారు గానీ మా దగ్గర బేరాలు తగ్గడం అంతకు ముందే మొదలైంది. కట్టినాయన షాపులన్నీ విడివిడిగా అమ్మేసి వెళ్లిపోయాడు. కొన్నవాళ్లలో డాక్టర్లున్నారు, రిటైరైన టీచర్లున్నారు, అమెరికాలో ఉన్నవాళ్లున్నారు. ఎవరికి వాళ్లు, ఎవడు ఎక్కువ అడ్వాన్స్ ఇస్తే వాడికి షట్టర్ ఇచ్చారు. దాంతో చీరల షాపు పక్కన జిరాక్స్, దాని పక్కన చిట్‌ఫండ్ ఆఫీసు, దాని పక్కన ఎవరిదో గోడౌన్. పెళ్లి బట్టలకి వచ్చిన కుటుంబం ఆ వరండాలో పది అడుగులు వేసి వెనక్కి తిరిగేది.

ఎస్కలేటర్ సంగతి చెప్పాలి. ఒకసారి మోటార్ పోయింది, బాగుచేయడానికి తలా ఇంత వేసుకుందామన్నారు, పై ఫ్లోర్ వాళ్లు సరే అన్నారు, రోడ్డు వైపు గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు "మాకెందుకు ఎస్కలేటర్?" అన్నారు. అంతే, అది ఆగిన చోటే ఆగిపోయింది. ఆ ఇనప మెట్లు మామూలు మెట్ల కన్నా ఎత్తు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు రెండెక్కి రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయేవాళ్లు, నాలుగో మెట్టు దగ్గర రబ్బరు ఊడి వేలాడుతుండేది. తర్వాత బాత్రూమ్‌లకి తాళం, ఆ తర్వాత జనరేటర్‌కి డీజిల్ బంద్. మెయింటెనెన్స్ కట్టేవాళ్లు తగ్గేకొద్దీ కట్టేవాళ్ల మీద భారం పెరిగింది, వాళ్లూ ఖాళీ చేశారు.

ఇంకో సంగతి, ఇది తిరుపతి కాబట్టి. రోజుకి 60, 70 వేల మంది దర్శనానికి వచ్చే ఊళ్లో మాల్ ఎందుకు ఆడదు అని బయటివాళ్లు అడుగుతారు. యాత్రికుడు కొండ దిగేసరికి చేతిలో లడ్డూ కవర్, గుండు, నిద్రలేని కళ్లు, సాయంత్రం రైలు. గోవిందరాజస్వామి గుడి చుట్టూనో, బస్టాండ్ దగ్గరో నడుస్తూ కుంకుమ, రాగి చెంబు, పిల్లలకి బొమ్మ కొంటాడు గానీ లగేజీ మోసుకుని రెండో ఫ్లోర్ ఎక్కడు. మాల్ బతకాల్సింది ఊరి జనంతో, చుట్టుపక్కల పల్లెల జనంతో. వాళ్లేమో బండి పెట్టుకునే చోటున్న బైపాస్ రోడ్ల వైపు, బిల్డింగ్ మొత్తం ఒక్కరిదే అయిన పెద్ద బట్టల షోరూముల వైపు వెళ్లిపోయారు. మధ్యలో ఫ్లైఓవర్ పనులు ఏళ్ల తరబడి సాగాయి, శ్రీనివాస సేతు పూర్తిగా తెరిచింది 2023 సెప్టెంబర్‌లో. 2020 మార్చిలో దర్శనాలే ఆగిపోయినప్పుడు ఈ ఊరు ఎలా ఉందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, అప్పుడు మూసిన షట్టర్లు కొన్ని మళ్లీ తెరవలేదు.

ఇది మన ఒక్క ఊరి జబ్బు కాదు. నైట్ ఫ్రాంక్ అనే రియల్ ఎస్టేట్ సలహా సంస్థ 40 శాతానికి మించి ఖాళీగా ఉన్న మాల్స్‌ని ఘోస్ట్ మాల్స్ అంటుంది, 2023లో ఎనిమిది పెద్ద నగరాల్లోనే అలాంటివి 64 లెక్కేసింది.

ఇక పడగొట్టి కట్టడం. ముంబైలో సగం మంది ఒప్పుకుంటే చాలట అని వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతుంటాయి. ఆ 51 శాతం నిబంధన మహారాష్ట్రలో హౌసింగ్ సొసైటీలకి 2019లో పెట్టింది, దాన్ని ఇక్కడికి తెచ్చి లెక్కలేసుకోకండి. విడివిడిగా రిజిస్టర్ అయిన షాపుల్లో మామూలుగా ప్రతి యజమానికీ కింది స్థలంలో వాటా ఉంటుంది, ఆయన సంతకం లేకుండా ఆయన వాటాని ఎవరూ డెవలప్‌మెంట్‌కి ఇవ్వలేరు. ఎస్కలేటర్ మోటార్‌కే ఒప్పుకోని వాళ్లు ఇంత పెద్ద అగ్రిమెంట్ మీద ఒక్కమాట మీదకి రావాలి. ఒకాయన పోయుంటాడు, వారసులు కోర్టులో ఉంటారు. ఇంకొకాయన షాపు బ్యాంకు తాకట్టులో ఉంటుంది. మా దగ్గర ఇద్దరు బిల్డర్లు వచ్చి టీ తాగి వెళ్లారు, మూడో మీటింగ్ జరగలేదు.

బిల్డర్ వైపు నుంచి కూడా చూడండి. పాత బిల్డింగ్ స్థలమంతా ఆక్రమించి కట్టి ఉంటారు, ఇప్పుడు కొత్తగా ప్లాన్ పెడితే చుట్టూ ఖాళీ వదలాలి, పార్కింగ్ చూపించాలి, ఫైర్ వాళ్ల ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. పాత యజమానులకి ఉన్నంత చోటు తిరిగిచ్చాక తను అమ్ముకోవడానికి మిగిలేది తక్కువైతే వాడెందుకు దిగుతాడు?

అందుకే దస్తావేజు చూడమన్నది. షాపు కొలత కాదు, అన్‌డివైడెడ్ షేర్ (యూడీఎస్, అంటే కింది స్థలంలో ఆ షాపుకి వచ్చే వాటా) ఎంత రాశారో చూడండి. ఉదాహరణకి స్థలం 200 అంకణాలు, కట్టిన ఏరియా మొత్తం 20 వేల చదరపు అడుగులు అనుకుందాం. 120 అడుగుల షాపుకి వచ్చేది 1.2 అంకణం, అంటే మన 36 అడుగుల అంకణం లెక్కన 43 చదరపు అడుగులు. (నెల్లూరు వైపు అంకణం 72, అక్కడి బంధువులతో మాట్లాడేటప్పుడు జాగ్రత్త.) ఆ 43 అడుగులని ఆ వీధి స్థలం రేటుతో గుణించండి. కొనేవాడు అంతకంటే బాగా తక్కువ అడిగితే ఇవ్వకండి, దాని దగ్గరికి వస్తే మాత్రం ఇచ్చేయడమే మంచిదంటాను. కొన్ని పాత దస్తావేజుల్లో స్థలం వాటా మాటే ఉండదు, అలా ఉంటే అమ్మకం సంగతి తర్వాత, ముందు లాయర్‌కి చూపించండి. ఆ షాపు మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపించే ఈసీ కూడా తీయించండి.

అమ్మకపోతే నాకు కనబడే దారి ఒక్కటే. మా కాంప్లెక్స్‌లో పై ఫ్లోర్ వాళ్లు చివరికి చేసిందదే, షాపుల మధ్య గోడలు తీసేసి ఫ్లోర్ మొత్తం ఒక కోచింగ్ సెంటర్‌కి ఇచ్చారు, అద్దె అడుగుల లెక్కన పంచుకుంటున్నారు. అడుక్కి వచ్చే అద్దె మునుపటి కన్నా తక్కువే, కానీ నెలనెలా పడుతోంది. దీనికి బిల్డింగ్ మొత్తం ఒప్పుకోనక్కర్లేదు, ఒక్క ఫ్లోర్ యజమానులు కూర్చుంటే చాలు. గోడలు తీసే ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించి, కార్పొరేషన్‌లో పర్మిషన్ సంగతి కనుక్కోండి, ఫైర్ విషయం అస్సలు వదలొద్దు, పిల్లలు కూర్చునే చోటు.

మీ రెండో ఫ్లోర్‌లో మొత్తం ఎంతమంది యజమానులు, వాళ్లలో ఊళ్లో ఉన్నవాళ్లెంతమంది? అది కనుక్కుని కామెంట్‌లో రాయండి, యూడీఎస్ అంకె కూడా పెడితే ఏ రేటు వరకు ఆగొచ్చో లెక్కేసి చెప్తాను.