ఇల్లు అమ్మి ఇల్లు కొనే రోజున డబ్బు మధ్యలో ఆగితే?

ప్రశ్న: మేము ఇంగ్లాండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఉంటున్నాం. మా రెండు పడకగదుల ఫ్లాటును 3,00,000 పౌండ్లకు అమ్మి, దగ్గరలోనే 4,50,000 పౌండ్లకు ఒక ఇల్లు కొంటున్నాం. మా ఫ్లాటు కొనేవారు తమ స్టూడియో ఫ్లాటును అమ్ముతున్నారు. మాకు ఇల్లు అమ్మేవారు ఖాళీగా ఉన్న ఒక బంగళా కొంటున్నారు. మొత్తం నాలుగు అమ్మకాల చెయిన్. అన్నీ ఒకే శుక్రవారం పూర్తి చేద్దామని మా సొలిసిటర్ (ఇంటి కాగితాలు చూసే న్యాయవాది) అంటున్నారు. మా సామాను లారీలో ఉండగా కింది నుంచి డబ్బు రాకపోతే మా గతి ఏమిటి? మా తప్పు లేకపోయినా పరిహారం మేమే కట్టాలా? హైదరాబాద్‌లో మా వారి పేరిట ఒక ఫ్లాటు ఉంది. దానివల్ల ఇక్కడ పన్ను ఎక్కువ పడుతుందని స్నేహితురాలు అంటోంది. నిజమేనా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. అవును, మీ తప్పు ఏమీ లేకపోయినా ఆలస్యానికి చెయిన్‌లో మీ పై ఇంటివారికి, అంటే మీకు ఇల్లు అమ్మేవారికి, పరిహారం మీరే కట్టాలి. వినడానికి అన్యాయంగానే ఉంటుంది. అయితే అదే నియమం మీకు కింద ఉన్నవారికీ, అంటే మీ ఫ్లాటు కొనేవారికీ, వర్తిస్తుంది కనుక, కట్టిన సొమ్మును వారి నుంచి రాబట్టుకునే హక్కు మీకు ఉంటుంది. ఇక్కడ నేను చెప్పేది ఇంగ్లాండ్, వేల్స్ చట్టం. స్కాట్లాండ్‌లో పద్ధతి వేరు.

చెయిన్ అనే మాట వాడుకలో ఉందే తప్ప, చట్టం చూసేది నాలుగు విడివిడి ఒప్పందాలను. వాటిలో రెండింటి మీదే మీ సంతకం ఉంటుంది: మీ ఫ్లాటు కొనేవారితో ఒకటి, మీకు ఇల్లు అమ్మేవారితో ఒకటి. అట్టడుగున స్టూడియో కొంటున్న మనిషికి బ్యాంకు సమయానికి రుణం ఇవ్వకపోతే, ఆ మనిషిని నిలదీసే హక్కు మీకు లేదు. మీ పై ఇంటివారు మిమ్మల్ని అడుగుతారు, మీరు మీ కొనుగోలుదారును అడుగుతారు, ఆయన తన కొనుగోలుదారును అడుగుతారు. కింది నుంచి డబ్బు రాలేదన్నది సంజాయిషీ అవుతుంది కానీ కోర్టులో రక్షణ కాదు. 1980లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు వచ్చిన రైనేరి వర్సెస్ మైల్స్ కేసు సరిగ్గా ఇలాంటిదే. అమ్మకందారులు తాము కొంటున్న ఇల్లు చేతికి రాకపోవడంతో, తాము అమ్మిన ఇంటిని అనుకున్న రోజున అప్పగించలేకపోయారు. కొన్నవారు బయట బస చూసుకోవలసి వచ్చింది. ఒప్పందంలో రాసిన తేదీ దాటగానే ఉల్లంఘన జరిగినట్టేనని, ఆ తర్వాత ఇచ్చిన గడువు నోటీసు ఇంకా నడుస్తున్నా నష్టం చెల్లించాల్సిందేనని తీర్పు వచ్చింది.

ఇక లెక్క. ఇళ్ల అమ్మకాల ఒప్పందాల్లో ఎక్కువగా వాడేది స్టాండర్డ్ కండిషన్స్ ఆఫ్ సేల్ అనే సిద్ధ షరతుల ఐదో కూర్పు. అందులో వేరుగా రాసుకుంటే తప్ప, నిర్ణీత రోజున మధ్యాహ్నం 2 గంటల లోపు డబ్బు చేరాలి. 2 దాటాక చేరితే, పరిహారం లెక్కకు తర్వాతి పనిదినాన చేరినట్టే భావిస్తారు. మీ ఒప్పందంలోని వడ్డీ రేటు 8 శాతం అనుకుందాం. పై ఇంటికి మీరు 10 శాతం, అంటే 45,000 పౌండ్లు డిపాజిట్ కట్టారు కనుక మిగిలిన 4,05,000 మీద రోజుకు సుమారు 89 పౌండ్లు పడుతుంది. ఇక్కడే శుక్రవారం కాటు వేస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు డబ్బు చేరి, సాయంత్రానికల్లా మీరు కొత్త ఇంట్లో పాలు పొంగించినా సరే, కాగితం మీద అది సోమవారం కిందికి వస్తుంది. గంట ఆలస్యానికి మూడు రోజుల వడ్డీ, సుమారు 266 పౌండ్లు. మీ ఫ్లాటు కొనేవారి నుంచి మీకు వచ్చేది 2,70,000 మీద కనుక మూడు రోజులకు సుమారు 178 పౌండ్లు మాత్రమే. ఆ తేడాను, లారీకి అదనంగా కట్టిన అద్దెను, హోటల్ ఖర్చును ఒప్పంద ఉల్లంఘన కింద వేరుగా అడగవచ్చు. వడ్డీగా వచ్చిన మొత్తాన్ని అందులోంచి మినహాయిస్తారు. కాబట్టి ఆ రోజు ప్రతి రసీదూ దాచండి.

అసలు ఆ రోజు ఏమి జరుగుతుందో చెబుతాను. మన దగ్గర రిజిస్ట్రేషన్ అంటే ఇరుపక్షాలూ సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళతాయి. ఇక్కడ కంప్లీషన్ రోజున, అంటే డబ్బు, తాళాలు చేతులు మారే రోజున, మీరు ఎక్కడికీ వెళ్లనక్కర లేదు. టీఆర్1 అనే బదిలీ పత్రం మీద సాక్షి ఎదుట మీరు ముందే సంతకం చేసి ఇస్తారు, అది మీ సొలిసిటర్ దగ్గర తేదీ వేయకుండా ఉంటుంది. ఉదయం అట్టడుగు కొనుగోలుదారుడి సొలిసిటర్ డబ్బు పంపుతారు. ఎక్కువగా ఇది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ నడిపే చాప్స్ అనే, సొమ్మును అదే రోజు చేర్చే చెల్లింపుల వ్యవస్థలో వెళుతుంది. డబ్బు స్టూడియో అమ్మేవారి సొలిసిటర్ ఖాతాలో పడిందని తేలాక, ఆయన దానికి తన కక్షిదారుడి రుణం కలిపి మీ సొలిసిటర్‌కు పంపుతారు. మీ సొలిసిటర్ మీ పాత గృహరుణం తీర్చడానికి కావలసింది పక్కన పెట్టి, కొత్త రుణం కలిపి పైకి పంపుతారు. చేతికి రాని సొమ్మును ఏ సొలిసిటరూ ముందుకు పంపలేరు. అందుకే ఒక్కో మెట్టు దగ్గర అరగంటైనా పట్టవచ్చు, రెండు గంటలైనా పట్టవచ్చు. మీరు మూడో మెట్టు మీద ఉన్నారు. తెల్లవారగానే తాళాలు వస్తాయని పిల్లలకు మాట ఇవ్వకండి.

డబ్బు అందిన సొలిసిటర్ ఎస్టేట్ ఏజెంటుకు ఫోను చేసి తాళాలు ఇవ్వమంటారు. ఆ ఫోను వెళ్లేవరకు మీ ఫ్లాటు మీదే. కొనేవారు లారీతో గుమ్మం ముందు నిలబడి సామాను దించుకుంటామని బతిమాలినా తాళాలు ఇవ్వకండి. జాలిపడి ఇస్తే, డబ్బు రాని పక్షంలో మీ ఇంట్లో వేరొకరు కాపురం ఉంటారు. మీ వైపు నుంచి కూడా 2 గంటలకల్లా ఫ్లాటు పూర్తిగా ఖాళీ కావాలి. అటక మీద మరచిపోయిన మంచం కూడా గొడవకు దారి తీస్తుంది.

డబ్బు ఆగడానికి ఎవరి నిర్లక్ష్యమూ అక్కర లేదు. 2014 అక్టోబర్ 20న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ చెల్లింపుల వ్యవస్థ గంటల తరబడి నిలిచిపోయింది. 2024 జూలై 18న మరో అంతరాయం వచ్చింది. రెండుసార్లూ ఇళ్ల కొనుగోళ్లు చిక్కుల్లో పడ్డాయి. వారం మధ్యలో ఇలా జరిగితే మర్నాడు సర్దుకోవచ్చు. శుక్రవారం జరిగితే శని, ఆదివారాలు బ్యాంకులూ సొలిసిటర్ కార్యాలయాలూ మూతపడి ఉంటాయి, మీ సామాను లారీలో ఉంటుంది. అందువల్ల నా గట్టి సలహా ఇది: మంగళవారమో బుధవారమో అడగండి. ఒక రోజు సెలవు పెట్టాల్సి వచ్చినా అదే చౌక.

ఇదంతా అడగడానికి సమయం ఎక్స్ఛేంజ్ ముందు. ఎక్స్ఛేంజ్ అనే ఈ ఒప్పంద పత్రాల మార్పిడి జరిగేదాకా ఎవరైనా తప్పుకోవచ్చు, ఎదుటివారికి ఏమీ కట్టనక్కర లేదు. మార్పిడి జరిగిందంటే తేదీ, ధర, వడ్డీ రేటు అన్నీ ఖరారైనట్టే. కంప్లీషన్ రోజున మీరు చేయగలిగింది చాలా తక్కువ. ఆ రోజు ఎలా గడుస్తుందో నిర్ణయమైపోయేది ఎక్స్ఛేంజ్ నాడే. కనుక ఆ లోపు మీ సొలిసిటర్‌ను కొన్ని సంగతులు అడగండి. రెండు ఒప్పందాల్లోనూ వడ్డీ రేటు ఒకటేనా? మీ అమ్మకానికి గడువు సమయం మీ కొనుగోలు కంటే ముందుగా, ఉదాహరణకు అక్కడ మధ్యాహ్నం 12, ఇక్కడ 2 అని రాశారా? మీ రుణదాత డబ్బును ముందు రోజే పంపుతారా? ఒక రోజు అదనపు వడ్డీ పడినా సరే, ముందు రోజే తెప్పించమనండి. కిందివారి నుంచి మీకు వచ్చే డిపాజిట్ 30,000, పైకి కట్టవలసింది 45,000. ఆ 15,000 తేడా ఎక్కడి నుంచి వస్తుందో కూడా అప్పుడే తేలాలి. భారతదేశం నుంచి తల్లిదండ్రులు సహాయం పంపుతుంటే, సరళీకృత విదేశీ చెల్లింపుల పథకం కింద ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది. సొమ్ము ఎక్కడిదో చూపే కాగితాలను సొలిసిటర్ పరిశీలించాలి కనుక, అది ఎక్స్ఛేంజ్‌కు ముందే ఇక్కడికి చేరాలి. ఇంకొకటి, ఈ షరతుల ప్రకారం ఎక్స్ఛేంజ్ క్షణం నుంచే కొత్త ఇంటికి జరిగే నష్టం మీ నెత్తిన పడుతుంది. భవన బీమా ఆ రోజే మొదలుకావాలి, తాళాలు వచ్చిన రోజున కాదు.

సొలిసిటర్ పేరుతో బ్యాంకు ఖాతా మారిందని ఈమెయిల్ వస్తే నమ్మకండి. మొదటి రోజు ఇచ్చిన నంబరుకు మీరే ఫోను చేసి అడగండి. ఇలా పోయిన సొమ్మును వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం.

డబ్బు అసలే రాకపోతే? నిర్ణీత తేదీ దాటాక, సిద్ధంగా ఉన్న పక్షం నోటీసు ఇవ్వవచ్చు. నోటీసు ఇచ్చిన రోజు కాకుండా 10 పనిదినాల్లో పూర్తి చేయాలి. అప్పటికీ కొనేవారు కట్టకపోతే అమ్మేవారు ఒప్పందం రద్దు చేసి డిపాజిట్ ఉంచేసుకోవచ్చు, ఇల్లు వేరొకరికి అమ్మి నష్టం కూడా అడగవచ్చు. చాలా ఆలస్యాలు ఒకటి రెండు రోజుల్లోనే తీరిపోతాయి కనుక ఇంతవరకు రావడం అరుదు. అయినా, సామాను రాత్రికి ఎక్కడ ఉంచుతారో, దానికి ఎంత తీసుకుంటారో లారీవారిని ముందే అడిగి రాయించుకోండి.

చివరిగా హైదరాబాద్ ఫ్లాటు. మీ స్నేహితురాలి మాటలో నిజం ఉంది, కానీ అది మీకు వర్తించకపోవచ్చు. ఇంగ్లాండ్‌లో రెండో ఇల్లు కొంటే స్టాంప్ డ్యూటీకి అదనంగా 5 శాతం పడుతుంది. 2024 అక్టోబర్ 31 నుంచి అమల్లో ఉన్న రేటు ఇది. ప్రపంచంలో ఎక్కడ ఇల్లు ఉన్నా లెక్కలోకి వస్తుంది, అది మీ వారి ఒక్కరి పేరిట ఉన్నా సరే. అయితే నివాసం ఉంటున్న ఇంటిని అమ్మి, దాని స్థానంలో నివాసానికే మరొకటి కొంటే ఈ అదనపు భారం లేదు. అమ్మకం, కొనుగోలు ఒకే రోజున పూర్తయితే మీరు కట్టేది మామూలు పన్ను 12,500 పౌండ్లే. ఫ్లాటు అమ్మకం ఆగిపోయి, ఎవరో సలహా ఇచ్చారని తాత్కాలిక అప్పు తెచ్చి ఇల్లు ముందే కొనేస్తే మాత్రం పన్ను 35,000 అవుతుంది. ఫ్లాటును మూడేళ్లలోపు అమ్మితే అదనంగా కట్టిన 22,500 తిరిగి అడగవచ్చు, కానీ కంప్లీషన్ జరిగిన 14 రోజుల్లో మొత్తం సొమ్ము చేతిలో ఉండాలి. పన్ను రిటర్ను సొలిసిటర్ నింపినా అందులోని మాటకు బాధ్యత మీ ఇద్దరిదే. హైదరాబాద్ ఫ్లాటు సంగతి ఈ వారమే ఆయనకు రాతపూర్వకంగా తెలియజేయండి.