చెరువుల నీరు కలిసే పాయలో ఎర్రపురుగులు పెరగడం మంచి గుర్తేనా?

రొయ్యల చెరువుల అడుగుబురద వదిలిన తరువాత కోరింగ వైపు పాయలో దారపు పోగుల్లాంటి ఎర్రపురుగులు విపరీతంగా పెరిగాయనీ, ఇది పాయ కోలుకుంటోందనడానికి గుర్తా అనీ మీరు అడిగారు. కాదనే నా అభిప్రాయం. జంతుశాస్త్ర విద్యార్థిగా కాకినాడ అఖాతంలోనూ మడ అడవుల పాయల్లోనూ మట్టి తీసి, అర మిల్లీమీటరు కన్నుల జల్లెడలో కడిగి పురుగులను లెక్కించిన అనుభవంతో చెబుతున్నాను.

మీ వర్ణనను బట్టి అవి కాపిటెల్లా అనే సన్నని సముద్రపు పురుగుల ప్రజాతికి చెందినవి కావచ్చు. వీటి దేహద్రవంలో హీమోగ్లోబిన్ ఉంటుంది కనుక ఆక్సిజన్ అంతంతమాత్రంగా ఉన్న బురదలోనూ బతుకుతాయి, కొన్ని వారాల్లోనే ఈడుకు వస్తాయి. గుడ్లను తల్లి తన గొట్టంలోనే కాపాడుతుంది. కుళ్లిన మేత పేరుకొని, హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి, మిగతా జాతులు చనిపోయినప్పుడు ఆ ఖాళీని ముందుగా నింపేవి ఇవే. తిండి తరిగితే అంతే వేగంగా పడిపోతాయి. అమెరికాలోని వెస్ట్ ఫాల్మత్ వద్ద 1969లో చమురు ఒలికినప్పుడు జరిగింది ఇదే. ఈ క్రమాన్ని పియర్సన్, రోసెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు 1978లో వివరంగా రాశారు.

అయితే మన డెల్టాలో అసలు చిక్కు వరదతో వస్తుంది. వానాకాలంలో ఎర్రనీరు దిగి ఉప్పదనం పడిపోయినప్పుడు, చెరువులతో సంబంధం లేని పాయల్లో కూడా చాలా పురుగులు చనిపోతాయి. నీరు మళ్లీ ఉప్పబడ్డాక పోటుతో వచ్చే డింభకాలు (పురుగుల పిల్లదశలు) ఆ మట్టిలో స్థిరపడతాయి. ఏటా ఇలా దెబ్బతింటూ ఉండే చోట తట్టుకోగల చిన్న జాతులు సహజంగానే ఎక్కువ. కాబట్టి వాటిని చూడగానే కాలుష్యమని తేల్చడమూ సరికాదు. ఎలియట్, క్వింటినో అనే శాస్త్రవేత్తలు 2007లో ఈ ఇబ్బందినే చర్చించారు. అదే నెలలో, అంతే ఉప్పదనం, అలాంటి మట్టే ఉండి, చెరువుల నీరు చేరని మరో పాయతో పోల్చి చూడకుండా ఏ తీర్పూ చెప్పకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

పాయ సముద్రంలో కలిసే మొగ సంగతీ చూడండి. ఇసుక మేట వేసి మొగ ఇరుకైన ఒక పాయలో, సముద్రానికి దగ్గరి భాగంలో పెద్ద పురుగులు తిరిగి కనిపించాక కూడా లోపలి భాగంలో చిన్నవే మిగిలి ఉండడం నేను గమనించాను. డింభకాలు అక్కడిదాకా చేరకపోవడమే ప్రధాన కారణమని నా అంచనా.

పాటు సమయంలో పారతో మట్టి తిరగేసి, ఆక్సిజన్ అందని నల్లపొర ఎంత లోతున మొదలవుతోందో చూడండి. లోతుగా బొరియలు చేసే పెద్ద నీరీస్ పురుగులు, గుల్లముక్కలు అతికించుకున్న డయోపాట్రా గొట్టాలు కనిపిస్తూ, నల్లపొర కిందికి జరుగుతుంటే, ఎర్రపురుగులు తగ్గుతున్నా పాయ కోలుకుంటున్నట్లే. నల్లమట్టి పైకి వచ్చి, ఎర్రపురుగులు కూడా లేకపోతే, పరిస్థితి మీరిప్పుడు చూస్తున్నదానికంటే దిగజారినట్లు.