క్వారీలో చేరుతున్న మేనల్లుడికి

అల్లుడూ,

చీమకుర్తి క్వారీలో వైర్‌సా, అదే తీగతో రాయి కోసే మిషన్ దగ్గర హెల్పర్‌గా కుదిరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, సంతోషం. ఆమె టెన్షనంతా నీ మొదటి నెల గురించే. నాకు ఆ బెంగ లేదురా. కొత్తగా వచ్చినవాడికి ఆ గుంతలోకి తొంగి చూస్తేనే కాళ్ళు వణుకుతాయి, నిలబడమన్నచోట నిలబడతాడు. ఓ ఏడాది పోయాక, చెయ్యి తిరిగింది, మిషన్ చప్పుడు వింటేనే అంతా తెలిసిపోతోంది అనిపించే రోజులొస్తాయి చూడు, ఇదంతా ఆ రోజుల కోసం రాస్తున్నాను. నేను మేట్‌గా, అంటే కూలీల పని దగ్గరుండి చూసుకునేవాడిగా చేసినన్నాళ్ళూ దెబ్బ తగిలి ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళలో పని బాగా తెలిసినవాళ్ళే ఎక్కువ.

ముందు వైర్‌సా సంగతి. ఆ తీగకు వరసగా గుచ్చిన వజ్రపు పూసలే రాయిని కోసేది. మంచి వేగంలో ఉండగా తీగ తెగిందంటే ఆ పూసలు తూటాల్లా వస్తాయి. ఎక్కువగా వచ్చేది తీగ తిరిగే వరసలోనే, ముందుకో వెనక్కో. కాబట్టి మిషన్ ఆడుతున్నంతసేపు ఆ వరసలో నిలబడకు, దాన్ని దాటకు, అవతల మంచినీళ్ళ క్యాన్ ఉన్నా సరే చుట్టు తిరిగే వెళ్ళు. తీగకు అడ్డంగా పెట్టే గార్డు తీసేసి నడుపుతుంటే ఎందుకన్నా అని అడుగు, కసురుకుంటే కసురుకోనీ. పొద్దున్నే మిషన్ ఆన్ చేయకముందే గ్లవ్స్ వేసుకుని తీగను బారు పొడవునా తడిమి చూడు. పూసలు ఒక పక్కే అరిగి కోలగా అయ్యాయంటే తీగకు మెలి సరిగ్గా పెట్టలేదన్నమాట. జాయింటు దగ్గర పోగులు లేచి ఉంటే ఆ తీగ ఎక్కించొద్దని ఆపరేటర్‌కి చెప్పు.

ఇక దుమ్ము. కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగుతుంది, కనపడనంత సన్నటిదే ఊపిరితిత్తుల అడుక్కి పోయి కూర్చుంటుంది. అందులో సిలికా ఉంటే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, దాన్నే సిలికోసిస్ అంటారు. నయం చేసే మందు లేదు, పైగా టీబీ తేలిగ్గా పట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి ఏమీ తెలియదు, తెలిసేసరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మన చీమకుర్తి నల్లరాయి, అదే గెలాక్సీ రాయిలో సిలికా తక్కువేలే అని ఎవరో ఒకరు నీకు చెబుతారు, అది నిజమే, గ్రానైట్ అని అమ్ముతున్నా అది గాబ్రో జాతి రాయి, అందులో క్వార్ట్జ్, అంటే సిలికా ఖనిజం, తక్కువ. కానీ రేపు ఏ పాలిషింగ్ ఫ్యాక్టరీకో మారావనుకో, అక్కడ ఎర్రరాయీ బూడిదరంగు రాయీ కూడా కోస్తారు, వాటిల్లో దండిగా ఉంటుంది. పైగా ఏ రాతి దుమ్మూ ఊపిరితిత్తులకు మంచిది కాదు. డ్రిల్లుకు నీళ్ళు పెట్టి కొడితే దుమ్ము పుట్టినచోటే అణిగిపోతుంది, అందుకని నీళ్ళ ట్యాంకర్ రాలేదు పొడిగానే కానిచ్చెయ్ అంటే తొందరపడకు. తువ్వాలు చుట్టుకుంటే ఆ సన్నదుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు కావాలి. గడ్డం ఉంటే దాని అంచులు ముఖానికి అతుక్కోవు, స్టైల్ ఆదివారాలకు ఉంచుకో. షిఫ్టు దిగాక కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం అక్కడ చాలామందికి అలవాటు, ఆ గాలి జోలికి పోవద్దు.

ఫ్యాక్టరీలో స్లాబుల మధ్యకు దూరకు. ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల ఎత్తు, రెండు సెంటీమీటర్ల మందం ఉన్న నల్ల స్లాబు ఒక్కటే రెండు క్వింటాళ్ళ పైన ఉంటుంది. ఒరుగుతుంటే ఎవడూ చేత్తో ఆపలేడు, పక్కకు తప్పుకోవడమే. రోహిణి కార్తెలో ఆ గుంతలో వేడి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు, దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగుతూ ఉండు.

నువ్వు రోజూ చేయాల్సింది ఒకటుంది. చిన్న నోట్‌బుక్ కొనుక్కుని, పడుకునేముందు ఆ రోజు తృటిలో తప్పినవి రాసుకో. కాలు జారిందా, గొలుసు కొక్కెం ఊడబోయిందా, వెనక్కి వస్తున్న హిటాచీని నువ్వు చూసుకోలేదా, ఏదైనా సరే. ఎక్కడ, ఎన్ని గంటలకు, అప్పుడు నువ్వేం చేస్తున్నావో కూడా రాయి. రెండు నెలలయ్యాక తిరగేస్తే, ఒకే చోటో, మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒకే వేళకో పదేపదే జరుగుతున్నట్టు నీకే కనిపిస్తుంది. అది పట్టుకెళ్ళి ఫోర్‌మన్‌కి చూపించు. నోటితో చెబితే కొట్టిపారేసేవాళ్ళు కూడా తేదీతో సహా రాసి చూపిస్తే వింటారు.

హెల్పర్‌గానే ఉండిపోకు. గనుల భద్రత డైరెక్టరేట్ వాళ్ళ మేట్ పరీక్ష ఉంది, దానికి క్వారీ అనుభవంతోపాటు ప్రథమ చికిత్స సర్టిఫికెట్ కూడా కావాలి. ముందు ఆ ప్రథమ చికిత్స నేర్చుకో, పరీక్ష సంగతి అటుంచు, పక్కవాడికి రక్తం కారుతుంటే ఏం చేయాలో తెలుస్తుంది.

అన్నట్టు, పనిలో చేరేటప్పుడు ఒకసారి, తర్వాత ఐదేళ్ళకోసారి వైద్యపరీక్ష చేయించాలని గనుల నియమాల్లో ఎప్పటినుంచో ఉంది. సంతకం పెట్టించుకుని పంపించేస్తే ఊరుకోకు, ఛాతీ ఎక్స్‌రే తీయమను, ఊపిరి ఊదే పరీక్ష, చెవుల పరీక్ష కూడా అడుగు, కంప్రెసర్ పక్కన పనంటే చెవులకూ దెబ్బే. ఇప్పుడు తీసిన ఎక్స్‌రే ఉంటేనే రేపు ఏదైనా తేడా వస్తే పోల్చి చూడటానికి వీలుంటుంది. ఫిల్ము, రిపోర్టు జిరాక్స్ ఆదివారం ఒంగోలు వచ్చేటప్పుడు పట్టుకురా, మీ అత్త బీరువాలో నా కాగితాలతో పాటు దాస్తుంది.

మీ మావయ్య