రెండో ట్రిప్పుకి చార్జి మిగులుతుందా? ఎలక్ట్రిక్ ట్రైలర్లపై పాఠకుల ప్రశ్నలు

చెన్నైలోనూ, చుట్టుపక్కలా ఉన్న తెలుగు లారీ యజమానులు, డ్రైవర్లు ఈసారి పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎలక్ట్రిక్ ట్రైలర్ల రేంజ్ గురించే. ఈ జవాబుల్లో యూనిట్ అంటే కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే, అంటే ఒక కిలోవాట్-అవర్.

మాకు నాలుగు ట్రైలర్లున్నాయి. కాట్టుపల్లి రేవు నుంచి శ్రీసిటీకి కంటైనర్లు తోలుతాం. ఒక వైపు 65 కి.మీ. ఈమధ్య 282 యూనిట్ల బ్యాటరీ ఉన్న 55 టన్నుల ఎలక్ట్రిక్ బండి ట్రయల్‌కి ఇచ్చారు. బ్రోచర్‌లో 198 కి.మీ. అని ఉంది. ఫుల్ లోడుతో 160 కి.మీ. తిరిగేసరికి 15 శాతానికి దిగిపోయింది. దీన్ని నమ్మి రోజుకి రెండు ట్రిప్పులు పెట్టుకోవచ్చా? – మాధవరం

మీ ట్రయల్ లెక్కా, బ్రోచర్ లెక్కా దాదాపు ఒకటే మాట చెబుతున్నాయి. 282ని 198తో భాగిస్తే కిలోమీటరుకి 1.42 యూనిట్లు. మీరు 100 నుంచి 15 శాతం దాకా వాడింది 240 యూనిట్లు. దాన్ని 160తో భాగిస్తే 1.5. బ్రోచర్ లెక్క బ్యాటరీని అడుగంటా వాడేస్తుంది, మీరు 15 దగ్గర ఆగారు. ఆగడమే సరైన పని. 10 శాతం కిందికి వస్తే చాలా బండ్లలో పికప్ దానంతటదే తగ్గిపోతుంది. అప్పుడు లోడుతో ఫ్లైఓవర్ ఎక్కాల్సి వస్తే వెనకాల ట్రాఫిక్ అంతా ఆగిపోతుంది. కాబట్టి బండి కొనేటప్పుడు “ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?” అని అడగకండి. “నా రూటులో, నా బరువుకి కిలోమీటరుకి ఎన్ని యూనిట్లు తింటుంది?” అని అడగండి.

ఆ 1.5 ఎక్కడికి పోతోందో చూద్దాం. 55 టన్నుల బండికి టైర్లు దొర్లడానికే కిలోమీటరుకి సుమారు 0.9 యూనిట్ కావాలి. గంటకి 60 కి.మీ. వేగంలో గాలిని తోసుకుంటూ వెళ్లడానికి ఇంకో 0.27. మోటారు, ఇన్వర్టర్, గేర్లలో పోయేది 10–12 శాతం. బ్రేకులకి గాలి నింపే కంప్రెసర్, పవర్ స్టీరింగ్ పంపు, క్యాబిన్ ఏసీ, బ్యాటరీని చల్లబరిచే చిల్లర్ అన్నీ కలిసి 3–4 కిలోవాట్లు లాగుతాయి, అంటే 60 వేగంలో కిలోమీటరుకి 0.06 దాకా. ఇంతవరకు 1.4 అయింది. మిగతాది సిగ్నళ్ల దగ్గరా, టోల్‌గేట్ల దగ్గరా ఆగి మళ్లీ లేవడానికి. గుమ్మిడిపూండి దాటాక రోడ్డు ఖాళీగా ఉందని డ్రైవరు 80కి తొక్కితే గాలి వాటా 0.27 నుంచి 0.48కి పెరుగుతుంది. ఆ 240 యూనిట్లూ అదే వేగంతో వాడితే మీ 160 కి.మీ.లో దాదాపు 20 కి.మీ. ఎగిరిపోతాయి.

ఇప్పుడు మీ రూటు. లోడుతో 65 కి.మీ.కి, 1.45 చొప్పున, 94 యూనిట్లు. ఖాళీ కంటైనరుతో తిరిగొచ్చేటప్పుడు బండి మొత్తం 20 టన్నులే కాబట్టి 0.75 చొప్పున 49. రేవు గేటు ముందు 5 గంటలు ఏసీ వేసుకుని క్యూలో నిలబడితే 20. ట్రిప్పుకి మొత్తం 163. మీ చేతిలో ఉన్నవి 240. రెండో ట్రిప్పుకి మిగిలేది 77, కావాల్సింది మళ్లీ 163. అంటే మధ్యలో కనీసం 86 యూనిట్లు ఎక్కించాలి. 240 కిలోవాట్ల చార్జరు సరాసరి 180 ఇస్తుందనుకుంటే అరగంట పని.

ఆ అరగంట ఎక్కడ దొరుకుతుందన్నదే అసలు విషయం. రేవు క్యూలో బండి గంటలు గంటలు ఉన్నా అక్కడ చార్జింగ్ గన్ తగిలించే వీలుండదు. శ్రీసిటీలో సరుకు దించే డాక్ దగ్గర బండి ఎలాగూ నిలబడే ఉంటుంది, బ్యాటరీ అప్పటికే మూడో వంతు పైగా వాడేసి ఉంటుంది కాబట్టి చార్జింగ్ కూడా జోరుగా ఎక్కుతుంది. మీకు సరుకిచ్చే కంపెనీతో చార్జరు సంగతి ముందే మాట్లాడుకోండి. అక్కడ కుదరకపోతే మొదటి ఏడాదిలోనే రెండో ట్రిప్పు ఇబ్బంది పెడుతుంది. బ్యాటరీ వయసు పెరిగి దాని సామర్థ్యం 85 శాతానికి వచ్చినప్పుడు మీ 240 కాస్తా 204 అవుతుంది. ప్లాను ఆ 204 మీద వేసుకోండి.

ఇంకొకటి. ట్రయల్ రోజు కాటా చీటీ దగ్గర పెట్టుకోండి. 55 అనుకున్నది 48 టన్నులే అయితే పై లెక్కంతా మారిపోతుంది.

టెస్లా లారీ 800 కి.మీ. వెళ్తుందట. యూరప్‌లో 500 అంటున్నారు. మన బండ్లు 200 దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాయి? మనవాళ్ల టెక్నాలజీ అంత వెనకబడిందా? – అంబత్తూరు

బ్యాటరీ సైజు చూడకుండా కిలోమీటర్లు పోలిస్తే ఇలాగే అనిపిస్తుంది. మెర్సిడెస్ ఈ-యాక్ట్రోస్ 600లో 621 యూనిట్ల బ్యాటరీ ఉంది. 2024లో ఆ బండ్లని 40 టన్నుల బరువుతో యూరప్ అంతటా 15,000 కి.మీ. తిప్పితే సరాసరి 100 కి.మీ.కి 103 యూనిట్లు పట్టింది. వోల్వో ఎఫ్‌హెచ్ ఎలక్ట్రిక్‌లో 540. జర్మనీలో ఒక లారీల పత్రిక 343 కి.మీ. రూటులో 40 టన్నులతో పరీక్షిస్తే కిలోమీటరుకి 1.1 వచ్చింది. టెస్లా తన సెమీ గురించి చెప్పేది మైలుకి 2 యూనిట్ల లోపు, అంటే కిలోమీటరుకి 1.24 లోపు. అక్కడ అనుమతించే బరువు సుమారు 37 టన్నులే. 2023లో అమెరికాలో జరిగిన ఒక ప్రదర్శన పరుగులో పెప్సీకో నడిపే సెమీ ఒకటి ఒకే రోజులో 1,076 మైళ్లు, అంటే 1,730 కి.మీ. తిరిగింది. అయితే మధ్యలో చార్జింగ్ పెట్టుకుంటూనే.

ఇప్పుడు బరువుతో భాగించి చూడండి. మెర్సిడెస్‌కి ఒక టన్నుని ఒక కిలోమీటరు లాగడానికి సుమారు 26 వాట్-అవర్లు (యూనిట్‌లో వెయ్యో వంతు ఒక వాట్-అవర్) పట్టింది. మన 55 టన్నుల బండి 1.42 చొప్పున తింటే టన్నుకి 26 వాట్-అవర్లే. మన వేగం తక్కువ కాబట్టి గాలి దగ్గర కలిసొస్తుంది, మన రోడ్లు, టైర్ల దగ్గర అది పోతుంది. మొత్తమ్మీద సరిసమానం. మన బండిలో యూనిట్లు తక్కువ, మీద బరువు ఎక్కువ, అంతే. పెద్ద బ్యాటరీ పెడితే ధర పెరుగుతుంది, బండి సొంత బరువు పెరిగి సరుకు తగ్గుతుంది. రేవు నుంచి గోడౌనుకి తిరిగే బండికి 600 యూనిట్ల బ్యాటరీ మోయించడం వృథా ఖర్చని మా అభిప్రాయం.

టైర్లలో నైట్రోజన్ నింపితే ఎలక్ట్రిక్ బండికి రేంజ్ పెరుగుతుందా? – మణలి

పెరగదు. ఏ గాలి నింపారన్నది ముఖ్యం కాదు, ఎంత ఉందన్నదే ముఖ్యం. 120 పీఎస్ఐ ఉండాల్సిన టైరులో 100 ఉంటే దొర్లడానికి పట్టే శక్తి ఏడెనిమిది శాతం పెరుగుతుంది. ఫుల్ లోడు మీద అది కిలోమీటరుకి 0.07 యూనిట్ పైనే. బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గేజ్ పెట్టి చూడాలి. కర్రతో కొట్టి శబ్దం విని చెప్పే పద్ధతితో 20 పీఎస్ఐ తేడా పట్టుకోలేరు.

చాలామంది ముందు లాగే కొత్త బండి (ట్రాక్టరు) టైర్లని కళ్లకద్దుకుని చూసుకుంటారు, వెనక తగిలించే పాత ట్రైలరుని పట్టించుకోరు. 55 టన్నుల్లో దాదాపు సగం, 27 టన్నుల దాకా, ఆ ట్రైలరు మూడు యాక్సిళ్ల మీదే పడుతుంది. అక్కడ ఒక యాక్సిల్ వంకరగా ఉన్నా, బ్రేకు పూర్తిగా వదలకుండా పట్టుకుని ఉన్నా డాష్‌బోర్డు ఏమీ చెప్పదు, యూనిట్లు మాత్రం కరిగిపోతాయి. 20 కి.మీ. నడిపాక ఆపి, ప్రతి హబ్ దగ్గరా చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా తగిలితే అక్కడ బ్రేకు బిగువుని సరిచూసే స్లాక్ అడ్జస్టరుని సరిచేయించండి.

శ్రీపెరుంబుదూరు నుంచి హోసూరుకి ఎలక్ట్రిక్ ట్రైలరు వేయాలనుకుంటున్నాం. సుమారు 265 కి.మీ. ఒక్క చార్జింగ్ బ్రేకుతో వెళ్లగలమా? – పూనమల్లి

282 యూనిట్ల బండితో, 55 టన్నులతో అయితే వెళ్లలేరు. ఈ రూటులో దూరం కన్నా ఎత్తు పెద్ద సమస్య. శ్రీపెరుంబుదూరు దాదాపు సముద్రమట్టంలో ఉంది. కృష్ణగిరి 500 మీటర్లు దాటి ఉంటుంది, హోసూరు 900కి దగ్గర. 55 టన్నుల్ని 100 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్లడానికి చక్రాల దగ్గర 15 యూనిట్లు, బ్యాటరీ నుంచి 16.5 యూనిట్లు కావాలి. దూరంతో సంబంధం లేదు, డ్రైవరు నైపుణ్యంతోనూ సంబంధం లేదు. 850 మీటర్లకి 140 యూనిట్లు కేవలం ఎత్తు కోసమే పోతాయి.

ముక్కలు చేసి చూస్తే: వేలూరు దాకా 100 కి.మీ.కి 170 యూనిట్లు. అక్కడి నుంచి కృష్ణగిరి దాకా 115 కి.మీ.కి 210. చివరి 50 కి.మీ., శూలగిరి మీదుగా హోసూరుకి, 135. ఈ చివరి ముక్కలో కిలోమీటరుకి 2.7 పడుతుంది. డాష్‌బోర్డు రేంజ్ అంకెని అప్పటిదాకా నడిచిన సమతల రోడ్డుని బట్టి లెక్కేసే బండ్లలో, కృష్ణగిరి దగ్గర “ఇంకా 90 కి.మీ.” అని చూపించినా ఆ మాట నమ్మి బయల్దేరకండి. శాతం చూసుకోండి. 60 శాతం లేకుండా అక్కడి నుంచి కదలొద్దు. రెండు బ్రేకులు, వేలూరులో ఒకటి, కృష్ణగిరిలో ఒకటి, తప్పవు. వేలూరులో 95 దాకా నింపుకోవాలి.

తిరుగు ప్రయాణం చాలా తేలిక. అదే బరువుతో దిగినా కిలోమీటరుకి ఒక యూనిట్‌కి అటూ ఇటూగా సరిపోతుంది. దిగుడు వాలు ఎక్కువ చోట్ల సన్నగా ఉంటుంది కాబట్టి బ్యాటరీకి తిరిగొచ్చేది తక్కువే, కానీ బ్యాటరీ నుంచి పోయేదీ తక్కువే. నిటారుగా దిగే చోట్ల రీజెనరేషన్ (మోటారే బండి వేగాన్ని ఆపుతూ బ్యాటరీకి కరెంటు పంపడం, పొట్టిగా రీజెన్) పనిచేయాలంటే బ్యాటరీలో చోటుండాలి. హోసూరులో 100 శాతం నింపి లోడుతో బయల్దేరితే రీజెన్ పట్టదు, బరువంతా బ్రేకు డ్రమ్ముల మీద పడి వేడెక్కుతాయి. 85 దగ్గర ఆపేయండి. డీజిల్ బండిలో అలవాటైన “న్యూట్రల్లో దించడం” ఇక్కడ అసలు వద్దు. న్యూట్రల్లో రీజెన్ ఉండదు.

యూనిట్ 10 రూపాయలు పడుతుంది. మా డీజిల్ బండి రానూపోనూ సరాసరి లీటరుకి 3 కి.మీ. ఇస్తుంది. నిజంగా మిగులుతుందా? సబ్సిడీ ఎంత? – రెడ్‌హిల్స్

మొదటి ప్రశ్నలోని రూటే తీసుకుందాం. బ్యాటరీ నుంచి 163 యూనిట్లు పోయాయంటే మీటరులో సుమారు 176 తిరుగుతాయి. చార్జరులోనూ, చల్లబరచడంలోనూ 8 శాతం దాకా పోతుంది. అంటే 1,760 రూపాయలు. డీజిల్ అయితే 43 లీటర్లు, లీటరు 92 అనుకుంటే దాదాపు 4,000. ట్రిప్పుకి 2,200 తేడా. నెలకి 50 ట్రిప్పులైతే లక్షా పది వేలు. బండి ఈఎంఐలోని తేడాని ఇది మోయగలదా అన్నది ట్రిప్పుల సంఖ్యని బట్టి ఉంటుంది. నెలకి 25 ట్రిప్పులే దొరికే వాళ్లని తొందరపడొద్దనే చెబుతాం.

సొంత చార్జరు పెట్టేవాళ్లు యూనిట్ ధర ఒక్కటే చూస్తే దెబ్బతింటారు. 240 కిలోవాట్ల చార్జరుకి హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్, 315 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అక్కడ యూనిట్లతో పాటు డిమాండ్ చార్జీ (ఒక్కసారిగా లాగే గరిష్ఠ లోడు మీద వేసేది) కూడా కేవీఏ లెక్కన పడుతుంది. రాత్రి 8 గంటలు బండి షెడ్డులో ఉంటే 240 యూనిట్లకి 30 కిలోవాట్లు చాలు. నాలుగు బండ్లకి కలిపి 120. పగలు అరగంట పని కోసం పెద్ద చార్జరు సొంతంగా పెట్టకుండా బయటి స్టేషన్ వాడుకోవడమే మేలు.

సబ్సిడీ విషయానికొస్తే, ఎలక్ట్రిక్ వాహనాలకి కేంద్రం ఇచ్చే ప్రోత్సాహక పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద 2025 జూలైలో కేంద్రం ప్రకటించిన ప్రకారం లారీకి గరిష్ఠంగా 9.6 లక్షలు. పాత లారీ తుక్కు సర్టిఫికెట్ తప్పనిసరి. ఆ పథకంలో బ్యాటరీకి తయారీదారు 5 ఏళ్లు లేదా 5 లక్షల కి.మీ. వారంటీ ఇవ్వాలి.

నేను డ్రైవర్ని. నిన్న బండి 22 శాతం చూపిస్తూ ఒక్కసారిగా 11కి పడిపోయింది. ఓనరు నన్నే అంటున్నారు. బ్యాటరీ పాడైపోయినట్టా? – తిరువొత్తియూరు

మీ తప్పేమీ లేదు, బ్యాటరీ పాడైందనీ ఇప్పుడే అనలేం. ఈ లారీల్లో ఎక్కువగా వాడే ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌లో 90 నుంచి 20 శాతం దాకా వోల్టేజి దాదాపు మారదు. అందుకని బండి లోపలికి వచ్చిన, బయటికి పోయిన కరెంటుని కూడుకుంటూ తీసేసుకుంటూ శాతాన్ని అంచనా వేస్తుంది. రోజూ 30–80 మధ్యే నడిపితే చిన్న చిన్న తప్పులు పేరుకుపోతాయి. కింద వోల్టేజి నిజంగా పడేసరికి అసలు అంకె బయటపడుతుంది.

వారానికి ఒకసారి 100 దాకా నింపి, 100 చూపించాక కూడా గంటసేపు గన్ తీయకుండా ఉంచండి. సెల్స్ ఒకదానితో ఒకటి సరిపడేది ఆ చివరి గంటలోనే. బండి కంపెనీ మాన్యువల్‌లో వేరే గడువు ఉంటే దాన్నే పాటించండి. వరసగా రెండు వారాలు ఇలా చేసినా మళ్లీ దూకితే సర్వీసు సెంటర్‌లో ప్రతి సెల్ వోల్టేజీల రిపోర్టు అడగండి. 15 శాతం దగ్గర ఉన్నప్పుడు తీసిన రిపోర్టయితేనే బలహీనమైన సెల్ దొరుకుతుంది, సగం చార్జి మీద తీస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఈలోగా 25 శాతం దగ్గరే చార్జింగ్‌కి ఆగండి. పడిపోయిన తేదీ, టైము, శాతం ఫోటో తీసి ఓనరుకి పంపండి, వారంటీ అడిగేటప్పుడు పనికొస్తుంది.