తాళం తీసినా ఆగని ఇంజిన్

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది అనంతపురం. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. మా నాయన ఇక్కడి శనగనూనె మిల్లు యజమాని దగ్గర 22 ఏళ్లు డ్రైవరుగా పనిచేశారు. ఆయన నడిపిన తెల్ల బెంజి కారంటే చిన్నప్పటి నుంచి నాకు పిచ్చి. రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో అలాంటిదే, 1996 నాటి ఈ250 డీజిల్, రూ.2.30 లక్షలకు కొన్నాను. బాగు చేయించి, నాయనను వెనక సీట్లో కూర్చోబెట్టి తిరుమలకు తీసుకెళ్లాలని ఆశ. సామాన్ల కోసం నెలకు రెండుసార్లు బెంగళూరు తిరుగుతున్నాను. రిపేర్లకే 4 లక్షలు దాటింది. అందులో 3 లక్షలు పర్సనల్ లోను. మా ఆవిడకు చెప్పలేదు. కిస్తీ కట్ అయిన మెసేజ్ నా ఫోన్‌లో చూసింది. అప్పటి నుంచి సరిగా మాట్లాడటం లేదు, కారు అమ్మేయమంటోంది. నాయనేమో ఆ కారు దగ్గరికే రారు. ఒకరోజు తాళం తీసినా ఇంజిన్ ఆగలేదు. నేను కంగారు పడుతుంటే ఆయన వచ్చి, బోనెట్ ఎత్తి, ఏదో నొక్కి ఆపి, ఒక్క మాట మాట్లాడకుండా లోపలికి పోయారు. ఎవరి కోసం కొన్నానో ఆయనకే పట్టలేదు. అమ్మేయాలా, పూర్తి చేయాలా? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.
– పేరు రాయవద్దన్న పాఠకుడు, అనంతపురం

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ బోనెట్ దగ్గరే ఆగిపోయాను. దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు ఇంట్లో మంట ఎక్కడ రేగిందో చూద్దాం.

మీరు పాత కారు మీద డబ్బు పోస్తున్నారని మీ భార్యకు రెండేళ్లుగా తెలుసు. బండి కళ్ల ముందే ఉంది కదా. అప్పుడు లేని కోపం ఒక్క మెసేజ్‌తో వచ్చింది. ఇంట్లో మూడు లక్షల అప్పు ఉంటే, ఆ సంగతి ఆమెకు మీకన్నా ముందు బ్యాంకు చెప్పింది. ఇంకా ఏమేం దాచారో అని రోజూ లోలోపల వెతుక్కుంటూ ఉంటుంది. ‘మంచి ఉద్దేశంతోనే చేశాను’ అని మీరు ఎన్నిసార్లు చెప్పినా ఆ వెతుకులాట ఆగదు. లెక్క చేతికి వస్తే ఆగుతుంది.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. కారు కొన్న రోజు నుంచి పెట్టిన ప్రతి రూపాయీ రాయండి. బెంగళూరు జేసీ రోడ్డులో కొన్న సామాన్లు, శివాజీనగర్ గుజరీలో తెచ్చిన సెకండ్ హ్యాండ్ పార్టులు, మెకానిక్‌కు ఇచ్చిన అడ్వాన్సు, చివరికి బస్సు చార్జీలు కూడా. మర్చిపోయిన చోట ‘గుర్తు లేదు’ అని రాయండి, అంకె కల్పించవద్దు. పుస్తకం ఆమె చేతికిచ్చి, చదివినంతసేపూ పక్కనే కూర్చోండి. తిడితే పడండి. ‘పూర్తయితే మంచి రేటు వస్తుంది’ అన్న మాట మాత్రం ఎత్తవద్దు. పాత కారు మీద పెట్టిన ఖర్చు అమ్మకంలో తిరిగి రావడం అరుదు, అది మీకూ తెలుసు. మన చట్టంలో వింటేజ్ బండి అనిపించుకోవాలన్నా 50 ఏళ్లు దాటాలి. మీ కారుకు ఇంకా చాలా దూరం ఉంది.

అప్పు తీరేదాకా పెయింటు, సీట్ల లెదరు, డ్యాష్‌బోర్డు చెక్కకు మెరుగు, అన్నీ పక్కన పెట్టండి. బ్రేకులు, టైర్లు, రేడియేటరు, పగిలిన రబ్బరు పైపులు బాగైతే ప్రస్తుతానికి చాలు. నెలకు ఎంత ఖర్చు పెట్టవచ్చో ఆమెతో కూర్చుని తేల్చుకోండి. ఆమె సున్నా అంటే సున్నాయే.

ఇక మీ నాన్నగారు. డీజిల్ బండ్లు తెలిసిన మా తమ్ముడిని అడిగాను. ఆ కాలం మెర్సిడెస్ బెంజి డీజిల్ ఇంజిన్లు వాక్యూమ్‌తో ఆగుతాయట. తాళం తిప్పగానే ఆ గాలి లాగుడు డీజిల్ పంపును మూసేస్తుంది. ఎక్కడైనా ఒక సన్న పైపు చీలిందంటే తాళం మీ చేతిలోకి వచ్చేస్తుంది, ఇంజిన్ మాత్రం ఆడుతూనే ఉంటుంది. అందుకే బోనెట్ కింద చేత్తో నొక్కి ఆపే మీట ఒకటి పెట్టారు. దాని మీద ‘స్టాప్’ అని రాసి ఉంటుంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీ నాన్నగారి చెయ్యి ఎక్కడా తడుముకోలేదు, నేరుగా దాని మీదికే వెళ్లింది. మీరు పిలవకముందే ఆయన లేచి వచ్చారు. అంటే లోపల కూర్చుని ఆ ఇంజిన్ చప్పుడు వింటూనే ఉన్నారు. దాన్ని పట్టకపోవడం అంటారా?

మరి ఎందుకు దగ్గరికి రారు? ఆయన నోరు విప్పేదాకా నేను ఊహించగలను, అంతే. మా చిన్నాయన కూడా ఒక పెద్దింట్లో కారు డ్రైవరుగా చేశారు. పెళ్లిళ్లకు వెళితే ఆయన భోజనం ఆఖరి బంతిలో. నిద్ర కారులోనే, కాళ్లు కిటికీ బయట. యజమాని చెప్పుల చప్పుడు వినబడితే తింటున్న ముద్ద వదిలి లేచేవారు. అయినా ఆ బండిని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకునేవారు కాదు. పని మానేశాక ఎవరి కారెక్కినా వెనక కూర్చోలేదు. ముందు సీట్లో కూర్చుని, ఎదురుగా లారీ వస్తే కుడికాలు నేలకేసి అదిమేవారు. బ్రేకు అక్కడ లేదని తెలిసినా కాలు ఊరుకునేది కాదు. ఆ బండి మీద ఆయనకు ప్రేమ ఉండేది, దాని వెనక సీటు మీద చేదు ఉండేది. రెండూ ఒకే మనిషిలో.

మీరు ఆ కారును పిల్లవాడి కళ్లతో చూశారు. తండ్రి చేతి కింద తళతళలాడే తెల్ల బండి. ఆయన చూసింది వేరే అయి ఉండవచ్చు. వెనక సీట్లో కూర్చోబెట్టడం మీకు గౌరవం. ఆయనకు అది ఇరవై రెండేళ్లు తలుపు తీసి పట్టుకున్న చోటు. మీ ప్రేమను నేను తక్కువ చేయడం లేదు, ఇంత ఆశ పెట్టుకున్న కొడుకులు ఎందరుంటారు? కానీ ‘నీకు ఇష్టమేనా నాయనా’ అని మీరు ఒక్కసారైనా అడిగినట్టు ఉత్తరంలో నాకు కనబడలేదు.

ఇప్పుడు కూడా కారెక్కమని అడగవద్దు. ఆ పైపు మార్చే రోజు మెకానిక్‌ను ఇంటికే పిలిపించి, ‘ఆ పొద్దు ఎట్ల ఆపితివి నాయనా, నాకూ చూపియ్యి’ అనండి. తాళం ఆయన చేతికివ్వండి. పొద్దున చల్లటి ఇంజిన్‌కు హీటర్ లైటు ఆరేదాకా ఎంతసేపు ఆగాలో, మన బోరు నీళ్లు రేడియేటర్లో పోస్తే లోపల సున్నం ఎట్లా పేరుకుంటుందో ఆయనకు చెప్పాల్సిన పని ఉండదు. వస్తే సంతోషం. రాకపోతే ఒక నెల ఆగి ఇంకోసారి అడగండి, అంతకు మించి బలవంతం వద్దు. ‘ఆ కారు నా కండ్ల ముందర పెట్టొద్దురా’ అని తేల్చి చెబితే మాత్రం అమ్మేయండి. ఆయన పేరు చెప్పుకుని దాన్ని వాకిట్లో ఉంచుకోవడం అప్పుడు న్యాయం కాదు.

అమ్మాలా, ఉంచాలా అని ఈ వారమే తేల్చుకోవద్దు. పుస్తకం పని, నాన్నగారితో మాట, ఈ రెండూ అయ్యాక మూడు నెలలకు మీ ఆవిడా మీరూ కలిసి నిర్ణయించండి. నన్నడిగితే, ఆయన ఒక్కసారి స్టీరింగ్ పట్టుకున్నా, కిస్తీలు ఇబ్బంది లేకుండా సాగుతున్నా, ఉంచుకోమంటాను.

ఈలోగా కాగితాలు చూసుకోండి. హైదరాబాద్‌లో కొన్నారు కాబట్టి బండి తెలంగాణ రిజిస్ట్రేషన్‌లో ఉండి ఉంటుంది. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి మన దగ్గర నంబరు మార్చుకోవాలి. మీకు రెండేళ్లయింది. పైగా 15 ఏళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ ఉంటుంది, అప్పుడు బండిని తనిఖీకి చూపించాలి. ఇవి సరిగా లేకపోతే అమ్మబోయినా ధర పలకదు. ఆ ఖర్చూ పుస్తకంలో రాసుకోండి. ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లే రోజు నాన్నగారిని తోడు రమ్మని అడిగి చూడండి. ఇన్నేళ్లు యజమాని బండి కాగితాలు పట్టుకుని తిరిగిన మనిషై ఉంటారు, ఏ కౌంటర్ దగ్గర ఏం అడగాలో మీకన్నా ఆయనకే బాగా తెలుసు.